తప్పు జవాబు దగ్గర ఆగండి

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి −3 − 5 ఎంతో రాయమన్నాను. తడుముకోకుండా 8 అని రాసింది. "ఎలా వచ్చిందమ్మా?" అని అడిగితే, "మీరే చెప్పారు కదా మాస్టారూ, మైనస్ మైనస్ ప్లస్ అని" అంది.

నిజమే, నేనే చెప్పాను. గుణకారం పాఠంలో, గంట కొట్టబోయే ముందు, హడావిడిగా. రెండు రుణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య వస్తుందన్న సంగతిని మూడు మాటలకు కుదించి తరగతి చేత పాడించాను. ఆ అమ్మాయి పాట బాగానే నేర్చుకుంది. ఎక్కడ పాడాలో మాత్రం నేను చెప్పలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక హైస్కూలులో జరిగిన సంగతి ఇది. ఆ రోజు నుంచి నేను పిల్లల తప్పులను కొట్టివేయడం తగ్గించి, చదవడం మొదలుపెట్టాను. పిల్లలు గాలివాటంగా తప్పు చేసేది తక్కువ. చాలా తప్పుల వెనక వాళ్లు నమ్మిన ఒక పద్ధతి ఉంటుంది. దాన్ని బయటికి లాగకుండా మనం సరైన పద్ధతిని ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా, అడుగున పాతదే ఉండిపోతుంది. పరీక్ష రోజున పైకి వచ్చేది అదే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్తగా లెక్కల స్కూల్ అసిస్టెంటుగా చేరినవారిని దృష్టిలో పెట్టుకుని, జూన్ నుంచి మార్చి వరకు ఏ పని ఎలా చేయాలో రాస్తున్నాను. అన్నీ ఒకే ఏడాదిలో చేయనక్కరలేదు. మొదటి పని ఒక్కటి మాత్రం తప్పించవద్దు.

జూన్: మార్కులు లేని పరీక్ష

బడి తెరిచిన మొదటి వారం కొత్త పాఠం జోలికి వెళ్లకండి. సిలబస్ వెనకబడుతుందని భయం వేస్తుంది, తెలుసు. ఈ వారం మిగుల్చుకుంటే డిసెంబరులో నెల పోతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఈ పది లెక్కలు ఇవ్వండి. మార్కులు ఉండవని, జవాబు చెరిపేయకూడదని ముందే చెప్పండి.

1. 503 − 278 ఎంత?
2. 612 ÷ 6 ఎంత?
3. 1/2 + 1/3 ఎంత?
4. 0.35, 0.5లలో ఏది పెద్దది?
5. −3 − 5 ఎంత?
6. 8 + 4 = □ + 5. గడిలో ఏ సంఖ్య రావాలి?
7. మూడు ఎక్స్‌లకు 2 కలిపాం. దీన్ని ఇంకా కుదించవచ్చా?
8. 80లో 20 ఎంత శాతం?
9. 6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్టముక్క చుట్టూ దారం అంటించాలి. ఎంత దారం కావాలి?
10. లక్ష్మి దగ్గర 24 గోళీలు ఉన్నాయి. అవి గౌరి దగ్గర ఉన్నవాటికంటే 6 ఎక్కువ. గౌరి దగ్గర ఎన్ని?

కాగితాలు దిద్దేటప్పుడు ఒక పెద్ద చార్టు తీసుకుని నిలువుగా పిల్లల పేర్లు, అడ్డంగా లెక్కల సంఖ్యలు వేయండి. గడిలో తప్పు గుర్తు పెట్టకండి. పిల్లలు రాసిన తప్పు జవాబునే యథాతథంగా రాయండి. సరైన జవాబు అయితే గడి ఖాళీగా వదిలేయండి. ఈ చార్టు గోడకు తగిలించేది కాదు, మీ బీరువాలో ఉండేది.

ఇప్పుడు నిలువు వరసలు చదవండి. మొదటి లెక్కకు 375 అని రాసినవారు ఉంటారు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారు: 5లో 2, 7లో 0, 8లో 3. తీసివేత వాళ్లకు వచ్చు, పదిని అప్పు తెచ్చుకోవడమే రాదు. 612ను 6తో భాగించి 12 అని రాసినవారు మధ్యలో సున్నా వేయలేదు. వీళ్లకు భాగహారం మొదటి నుంచి చెప్పనక్కరలేదు. "ఆరు వందలను ఆరుగురికి పంచితే తలా ఎంత?" అని అడగండి. వంద అంటారు. "మరి నువ్వు పన్నెండే ఇచ్చావే?" అనండి. నవ్వి, దిద్దుకుంటారు.

ఆరో లెక్క చాలామంది ఉపాధ్యాయులనే ఆశ్చర్యపరుస్తుంది. సరైన జవాబు 7. తరగతిలో ఎందరో 12 అని రాస్తారు, కొందరు 17 అని. ఈ పిల్లల దృష్టిలో సమానం గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని అర్థం. రెండు వైపులా తూకం ఒక్కటే కావాలన్న ఆలోచన లేదు. ఇలాంటి పిల్లలకు సమీకరణాలు మొదలుపెడితే, ఎక్స్‌ను అటు నుంచి ఇటు తెచ్చి గుర్తు మార్చడం వాళ్లకు మంత్రంలాగే ఉంటుంది. ఒక కర్ర, రెండు కొబ్బరి చిప్పలు, దారంతో తక్కెడ కట్టించండి. ఒక వైపు 8 గులకరాళ్లు, 4 గులకరాళ్లు. రెండో వైపు 5. ఇంకెన్ని వేస్తే కర్ర సమంగా నిలుస్తుంది? రాళ్లు దాదాపు ఒకే సైజువి ఏరించండి, లేకపోతే లెక్క మీకు ఎదురు తిరుగుతుంది. నాకు తిరిగింది.

పదో లెక్కకు 30 అనేది సాధారణమైన తప్పు. "ఎక్కువ" అన్న మాట కనిపించగానే కూడేస్తారు. ఈ అలవాటు మన చలవే. చిన్న తరగతుల్లో "ఎక్కువ అంటే కూడిక, తక్కువ అంటే తీసివేత" అని మనమే నూరిపోస్తాం.

"ఎలా వచ్చింది?" అని అడిగే తీరు

తప్పు జవాబుకే "ఎలా వచ్చింది?" అని అడిగితే వారం తిరక్కుండా పిల్లలు కనిపెట్టేస్తారు. ఆ ప్రశ్న వినగానే చెరిపేస్తారు. అందుకని సరైన జవాబుకు కూడా అదే ప్రశ్న, అదే గొంతుతో అడగండి. అడిగాక ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదులను గమనించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తాయని చూపింది. మూడు సెకన్లు కాగితం మీద చిన్నవి. నలభై మంది ఎదురుగా కూర్చుని ఉంటే చాలా పెద్దవి. మనసులో "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకోండి.

ఇక మైనస్ సంగతి. మన భాషలో ఆ సంఖ్య పేరే రుణం, అంటే అప్పు. బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, రుణం అన్న మాటలతో ఈ నియమాలన్నీ రాశాడు. ఇంత సొంత మాట చేతిలో పెట్టుకుని మనం గుర్తుల పాట పాడిస్తాం. ఊళ్లో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తీసుకోండి. నిన్న మూడు రూపాయలు అరువు, ఈ రోజు ఐదు రూపాయలు అరువు. మొత్తం ఎనిమిది రూపాయల అరువు, అంటే −8. ఇంకోరోజు కొట్టువాడు ఐదు రూపాయల అప్పును పొరపాటుగా రాశానని కొట్టేశాడు. అప్పును తీసివేశాడు కనుక మీ స్థితి ఐదు రూపాయలు మెరుగుపడింది. రుణాన్ని తీసివేస్తే కలిసిరావడం అంటే ఇదే. ఈ రెండు సందర్భాలూ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో పిల్లలనే చెప్పమనండి. బోర్డు మీద 8 రాసిన ఆ అమ్మాయికి ఈ కథ పది నిమిషాలు పట్టింది. పాట వదిలించడానికి మాత్రం నెల పట్టింది.

రోజూ పది నిమిషాలు, పలకల మీద

పీరియడు మొదట్లో పది నిమిషాలు పక్కన పెట్టండి. నాలుగు చిన్న లెక్కలు: నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి, కింది తరగతిది ఒకటి. చెప్పినది వెంటనే మళ్లీ చెప్పించుకోవడం సులువు. మరచిపోయే దశలో గుర్తుచేసుకున్నదే నిలుస్తుంది.

దీనికి పలకలు వాడండి. పలక దొరకకపోతే తెల్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి స్కెచ్ పెన్నుతో రాయించవచ్చు, గుడ్డతో తుడిస్తే పోతుంది. పెద్ద పిల్లలు పలకలు చూసి నవ్వుతారు, మూడు రోజులు. ఆ తరువాత అలవాటైపోతుంది. "చూపించండి" అనగానే అందరూ ఒకేసారి పైకి ఎత్తాలి, పక్కవాడిది చూసి రాసుకునే సందు ఉండకూడదు. నలభై పలకలూ ఒక్క చూపులో కనిపిస్తాయి. చేతులెత్తించి అడిగితే ఎప్పుడూ ఆ ఐదుగురే చెబుతారు. మిగతా ముప్పై ఐదుగురికి వచ్చిందో రాలేదో యూనిట్ పరీక్ష దాకా తెలియదు.

ఎక్కాల మాట ఇక్కడే చెప్పాలి. ఎక్కాలు బట్టీ అని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. ఏడు ఎనిమిదులు వేళ్ల మీద లెక్కపెడుతూ కూర్చున్న పిల్లవాడు కారణాంకాల దాకా ఎప్పుడు వస్తాడు? అయితే ఇరవయ్యో ఎక్కం దాకా గొంతు చించుకోనక్కరలేదు. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు దాదాపు అందరికీ వస్తాయి. మిగిలినవి 3, 4, 6, 7, 8, 9. మూడు నాలుగులు, నాలుగు మూడులు ఒక్కటే కనుక, గట్టిగా చూస్తే నేర్వవలసిన గుణకారాలు 21 మాత్రమే. ఆ 21ని చీటీల మీద రాసి, ఎవరికి ఏవి రావో వాళ్లకు అవే ఇవ్వండి. నలుగురైదుగురికి మించి పదిహేను చీటీలు అక్కరలేదని మీరే చూస్తారు.

భిన్నాలు: కుంచం దగ్గర మొదలుపెట్టండి

నన్నడిగితే, హైస్కూలు గణితం ఎక్కువగా మునిగేది భిన్నాల దగ్గరే. బీజగణితం రాదని మనం అనుకునే పిల్లల్లో సగం మందికి రానిది బీజగణితం కాదు. అందుకే ఈ ఒక్క పాఠానికి మిగతావాటి కంటే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

1/2 + 1/3 = 2/5 అని రాసిన పిల్లల పద్ధతి స్పష్టంగానే ఉంది: పైవి పైన కూడాలి, కిందివి కింద కూడాలి. గుణకారంలో అలాగే చేస్తాం కదా. వీళ్లకు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తీయడం మళ్లీ చూపించకండి. ఇంట్లో ముసలివాళ్ల దగ్గర ధాన్యం కొలిచే సోల, తవ్వ, మానిక, కుంచం ఏమైనా ఉంటే తెమ్మనండి. మా జిల్లా పల్లెల్లో ఇప్పటికీ అటకల మీద ఇత్తడి సోలలు, కర్ర కుంచాలు దొరుకుతాయి. వరస ఇది: రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం.

ఇసుకో ధాన్యమో పోసి కొలిపించండి. అర కుంచానికి పావు కుంచం కలిపితే ఎంత? పిల్లల పద్ధతిలో 1/2 + 1/4 = 2/6, అంటే కుంచంలో మూడో వంతు. అర కుంచం కంటే తక్కువ! ధాన్యం కలిపితే తగ్గిందా? ఈ ప్రశ్న దగ్గర తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని మీరు చెడగొట్టకండి. కుంచానికి నాలుగు మానికలు. అర కుంచం రెండు మానికలు, పావు కుంచం ఒక మానిక. మొత్తం మూడు మానికలు. కుంచంలో ముప్పావు. ఏ అమ్మమ్మను అడిగినా ముప్పావు అనే చెబుతుంది, ఒక్కరూ రెండు బై ఆరు అనరు.

అప్పుడు అసలు ప్రశ్న వేయండి. అర కుంచానికి, కుంచంలో మూడో వంతు కలపాలి. మూడో వంతును ఏ కొలతతో కొలుస్తారు? మానికతో కుదరదు, సోలతో కుదరదు, గిద్దతో కూడా కుదరదు. కుంచంలో 64 గిద్దలు, 64ను మూడుతో భాగిస్తే మిగులుతుంది. మరి సగానికీ మూడో వంతుకూ రెండింటికీ సరిపోయే కొత్త చిన్న కొలత ఒకటి కావాలి. ఒక కాగితం పట్టీని ఆరు సమభాగాలుగా మడిపించండి. సగం అంటే మూడు మడతలు, మూడో వంతు అంటే రెండు మడతలు. మొత్తం ఐదు మడతలు, ఆరింట ఐదు. హారాన్ని సమానం చేయడం అంటే రెండింటికీ సరిపోయే కొలతను వెతకడమని అప్పుడు చెప్పండి. క.సా.గు. పేరు ఆ తరువాత వస్తే దాని పని ఏమిటో వాళ్లకు తెలిసి ఉంటుంది.

ఇదే కుంచం ఘాతాంకాలకూ పనికొస్తుంది. గిద్ద నుంచి కుంచం దాకా ఆరు రెట్టింపులు, 2⁶ = 64. తూముకు నాలుగు కుంచాలు కనుక 2⁸ = 256 గిద్దలు. పావు, పరక, వీసం అన్న మాటలు కూడా ఎత్తండి. పరక ఎనిమిదో వంతు, వీసం పదహారో వంతు. "వీసమెత్తు" అన్న మాట విన్నారు కదా అని అడగండి, వినే ఉంటారు.

శాతాలకూ ఇలాగే వాళ్ల చేతిలో ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఎనిమిదో లెక్కకు 16 అని రాసిన ఒక అబ్బాయి, 20ని 80తో గుణించి వందతో భాగించాడు. వాళ్లమ్మ పలాసలో జీడి పరిశ్రమకు పనికి వెళ్తుంది. "80 కిలోల బస్తా పిక్కలకు 20 కిలోల పప్పు దిగితే ఎన్నో వంతు?" అని అడిగాను. "పావు వంతు" అన్నాడు, ఇదీ ఒక లెక్కేనా అన్నట్టు చూస్తూ. పావు అంటే నూటికి ఎంత? ఇరవై ఐదు. ఆ తరువాత 22 కిలోలు దిగితే ఎంత అని అడిగాను, కాసేపు తంటాలు పడి 27.5 శాతం తెచ్చాడు.

అలాగని ప్రతి పాఠాన్నీ జీడితోటలోకి లాగకండి. వర్గ సమీకరణాన్ని అక్కడికి తీసుకెళ్తే చెట్టూ మిగలదు, సమీకరణమూ మిగలదు.

బయటికి తీసుకెళ్లే రెండు పాఠాలు

విస్తీర్ణం చెప్పేటప్పుడు మైదానంలో ఒక సెంటు స్థలం ముగ్గుతో గీయించండి. ఎకరానికి వంద సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. ఇంట్లో రోజూ సెంట్ల మాట వింటారు, ఒక సెంటు ఎంత ఉంటుందో మాత్రం చూసి ఉండరు. చతురస్రంగా గీయాలంటే భుజం ఎంత? ఇక్కడే వర్గమూలం కావాలి: దాదాపు 20.87 అడుగులు. దానికి ముందు ఊహించి రాళ్లు పెట్టమనండి. కొందరు తరగతి గదంత గీస్తారు, కొందరు మైదానమంత.

త్రికోణమితికి జెండా కర్ర చాలు. కోణమానినికి తిన్నని అంచు వెంబడి స్ట్రా అంటించి, మధ్య బిందువు దగ్గర దారం కట్టి, దారం చివర ఒక నట్టు వేలాడదీయండి. స్ట్రాలోంచి కర్ర కొనను చూస్తుంటే పక్కన నిలబడ్డవాడు దారం ఏ అంకె మీద ఉందో చదవాలి. ఆ అంకెకూ 90కీ ఉన్న తేడాయే ఊర్ధ్వకోణం. కోణం 45 డిగ్రీలు అయ్యేదాకా వెనక్కి నడవమనండి. అక్కడి నుంచి కర్ర మొదలుకు టేపుతో కొలవండి. 7.4 మీటర్లు వచ్చిందనుకుందాం. చూసినవాడి కంటి ఎత్తు 1.4 మీటర్లు. కర్ర ఎత్తు 8.8 మీటర్లు. కంటి ఎత్తు కలపడం మరచిపోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు. ఒకసారి ఆ తప్పు చేయనివ్వండి.

అసలు పాఠం దీని తరువాత ఉంది. "30 డిగ్రీలలో కనిపించాలంటే ఎంత దూరంలో నిలబడాలి? ముందు లెక్క కట్టండి" అనండి. 7.4ను మూడు వర్గమూలంతో గుణిస్తే దాదాపు 12.8 మీటర్లు. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, నిలబడి చూడమనండి. సరిగ్గా 30 రాదు, అటూ ఇటూ అవుతుంది. ఒక్క డిగ్రీ తేడాకే అక్కడ దూరం అర మీటరు మారుతుందని లెక్క కట్టి చూపిస్తే, కొలతల్లో పొరపాటు అంటే ఏమిటో కూడా తెలుస్తుంది. విజయనగరం పిల్లలయితే గంటస్తంభాన్ని ఎంచుకోవచ్చు, 68 అడుగులంటారు. కంటి ఎత్తు ఐదు అడుగులనుకుంటే 63 అడుగుల దూరంలో నిలబడాలి. ఆ కూడలిలో నిలబడి లెక్క చేసే ధైర్యం ఉంటే! తెల్లవారుజామున వెళ్లండి.

అరసవల్లి ముచ్చట కూడా ఒకరోజు తీయండి. మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు మొదట్లోనూ ఉదయపు కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయని పిల్లలందరికీ తెలుసు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు? క్యాలెండరు ఇచ్చి లెక్కపెట్టమనండి. మార్చి 9 నుంచి పగలు బాగా పొడవుండే జూన్ 21కి 104 రోజులు. అక్కడి నుంచి అక్టోబరు 2కి 103 రోజులు. సూర్యుడు ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అదే దిశలో ఉదయిస్తాడు. సౌష్ఠవం పాఠానికి ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు.

మాటల లెక్కలు, రెండు భాషలు

ఇంగ్లీషు మీడియం వచ్చాక ఒక కొత్త చిక్కు వచ్చింది. లెక్క రాకనా, వాక్యం అర్థం కాకనా పిల్ల ఆగిపోయింది అన్నది తెలియదు. పుస్తకంలో రెండు భాషలూ ఎదురెదురుగా ఉన్నాయి కదా, వాడండి. మాటల లెక్క ఇచ్చినప్పుడు మొదట చివరి ప్రశ్నను చేత్తో మూయించండి. కథ మాత్రం చదివి, పుస్తకం మూసి, తెలుగులో ఏమి జరిగిందో పక్కవారికి చెప్పాలి. తరువాత ఒక బొమ్మ. ఆ తరువాతే ప్రశ్న తెరవాలి.

ఒక తేడా ప్రత్యేకంగా చూపించండి. "ఒక సంఖ్యకు మూడు రెట్ల కంటే 5 తక్కువ" అని తెలుగులో చదివితే మాటలు వచ్చిన వరసలోనే మూడు ఎక్స్ మైనస్ 5 అని రాయవచ్చు. ఇంగ్లీషు వాక్యంలో 5 ముందు వస్తుంది, సంఖ్య చివర వస్తుంది. అందుకే పిల్లలు ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోయి 5 మైనస్ మూడు ఎక్స్ అని తలకిందులు చేస్తారు. ఇది తెలివితక్కువతనం కాదు, చదివినది చదివినట్టు రాయడం. ఇలాంటి వాక్యాలు ఆరు తీసుకుని రెండు భాషల్లో పక్కపక్కన రాయిస్తే వారంలో సర్దుకుంటుంది.

నోటుపుస్తకాలు, జట్లు

నలభై పుస్తకాలకు ఎర్రసిరా గీతలు పెట్టడం అధికారుల కోసం, ఎవరూ కాదనలేరు. పిల్లల కోసం అయితే రోజుకు ఐదు పుస్తకాలు తీసి, ఒక్కొక్కదానిలో ఒక్క లెక్కనే జాగ్రత్తగా చదివి, ఎక్కడ దారి తప్పిందో ఆ వరస పక్కన చుక్క పెట్టండి. సరిదిద్దకండి. చుక్క దగ్గర ఏమి జరిగిందో మరునాడు వాళ్లే రాయాలి. పుస్తకం చివరి పేజీలు ఇందుకోసం వదిలిపెట్టించండి. వారానికి ఒకసారి పేరు చెప్పకుండా ఒక మంచి తప్పును బోర్డు మీద రాసి, "ఇది రాసినవారు ఏమి అనుకుని ఉంటారు?" అని అడగండి. కొన్నాళ్లకు "అది నాదే మాస్టారూ" అని వాళ్లే చెబుతారు.

జట్లు కట్టినప్పుడు ఒక్కటే నియమం: పెన్సిలు నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. లేకపోతే బాగా వచ్చినవాడు చకచకా చేసి ఇచ్చేస్తాడు, మిగతావాళ్లు అందంగా ఎక్కించుకుంటారు. బెత్తం సంగతి అడగనే వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను దాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా, భయపడిన పిల్ల తప్పును దాచేస్తుంది. దాచిన తప్పును మీరు చదవలేరు.

వలస వెళ్లిన ఇళ్ల పిల్లలు, కోతల సమయంలో బడి మానినవారు తిరిగి వచ్చినప్పుడు, పోయిన పాఠాలన్నీ ఎక్కించుకోమనకండి. పాఠానికి రెండు లెక్కల చొప్పున చేసి చూపినవి ఒక కాగితం మీద సిద్ధంగా ఉంచి, ఒక స్నేహితురాలిని జత చేయండి.

పదో తరగతి

గణితం పేపరు వందకు, గట్టెక్కడానికి 35. డిసెంబరు దాటాక అందరి కళ్లూ ఆ 35 మీదే ఉంటాయి, హెడ్మాస్టరువి కూడా. గ్రాఫులు, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత అంటూ నాలుగు పాఠాలు ఏరి వెనకబడినవారి చేత అవే రుద్దించడం మామూలు. నేనూ చేశాను, పాసయ్యారు కూడా. ఇంటర్‌లో చేరిన మూడో నెలలో వాళ్లలో ఒకడు బస్టాండులో కనిపించి లెక్కలు మానేశానన్నాడు.

ఏరడం తప్పదు, కానీ ఏరే పద్ధతి మార్చవచ్చు. మార్కులను బట్టి జట్లు చేయకండి, వాళ్లకు తొమ్మిదిలో వేసిన చార్టును బట్టి చేయండి. భిన్నాలు రానివారు ఒక జట్టు, గుర్తులు తడబడేవారు ఒకటి, వాక్యం అర్థం కానివారు ఒకటి. సాయంత్రం స్టడీ అవర్లో మొదటి ఇరవై నిమిషాలు ఆ లోపానికి, మిగతాది పరీక్ష లెక్కలకు. సగటు కనుక్కునే పట్టికలో గుర్తు తడబడేవాడికి సాంఖ్యక శాస్త్రం మార్కులూ రావు, అంచేత ఆ ఇరవై నిమిషాలు ఎక్కడికీ పోవు. స్లిప్ టెస్టులు పెట్టండి, కానీ ఐదు ప్రశ్నల్లో రెండు పాత పాఠాలవి ఉండాలి.

చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లేటప్పుడు ఒక చిన్న పని: మీ తరగతిలో వచ్చిన మూడు తప్పు జవాబులు కాగితం మీద రాసుకుని వెళ్లండి. పక్క బడి మాస్టారిని కూడా తెమ్మనండి. టీ తాగే సమయంలో ఆ ఆరు తప్పుల మీద మాట్లాడుకుంటే, మధ్యాహ్నం దాకా విన్న ఉపన్యాసం కంటే ఎక్కువే ఇంటికి తీసుకెళ్తారు.

మార్చి చివర అదే పది లెక్కలు, అంకెలు మార్చకుండా మళ్లీ ఇవ్వండి. చార్టులో వేరే రంగు సిరాతో జవాబులు రాయండి. 12 ఉన్న గడిలో 102 వచ్చి ఉంటే సరే. 120 వచ్చి ఉంటే సున్నా వేయాలని తెలిసింది, ఎక్కడ వేయాలో ఇంకా తెలియలేదు. ఆ చార్టును మడిచి, వచ్చే ఏడాది ఆ తరగతి తీసుకునే మాస్టారికి ఇవ్వండి. ఆయన జూన్‌లో మొదటి వారం దాచుకోవచ్చు.